చూశానన్న మాట

చెయ్యి విరిగితే కట్టు కడతారు, కాలు విరిగితే కడతారు. పక్కటెముక విరిగితే కట్టేదేమీ ఉండదు. ఊపిరి ఆడినంతసేపూ అది కదలక తప్పదు. విరిగిన ఎముకతోనే మనిషి రోజుకు ఇరవై వేలసార్లు గాలి పీల్చి వదలాలి. నొప్పికి జడిసి పైపైన పీల్చాడా, కఫం లోపలే పేరుకుపోయి నిమ్ము చేస్తుంది. అందుకే ఆ పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, ఛాతీ దెబ్బల వార్డులో, డాక్టర్లకూ నర్సులకూ తోడు ఫిజియోథెరపిస్టులు ఉండేవారు. ఎలా పీల్చాలో, ఎలా దగ్గాలో, ఛాతీలోంచి వచ్చే గొట్టంతో సహా ఎలా లేచి నడవాలో రోగికి నేర్పడం వాళ్ల పని.

ఆ ఫిజియోలకు పని వచ్చో రాదో తేల్చే బాధ్యత ఒకావిడ మీద ఉండేది. యాభై మూడేళ్ల మనిషి. ఇరవై ఆరేళ్లుగా అదే వార్డులో అరిగిపోయింది. ఎదుటపడితే అందరూ "మేడమ్" అనేవారు, ఆవిడ అటు తిరగ్గానే "టిక్కులమ్మ" అనేవారు. చేతిలో అట్ట, అట్టకు బిగించిన కాగితం, కాగితం మీద ఇరవై రెండు ప్రశ్నలు లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూసి ఎరగరు. ఆ పేరు ఆవిడ చెవిన కూడా పడింది. కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. ఎందుకంటే ఆ కాగితం ఆవిడ సొంత కష్టం. రెండేళ్లు కూర్చుని, ఒక్కొక్క ప్రశ్నా రాసి, కొట్టేసి, మళ్లీ రాసి తయారుచేసుకుంది. రోగి పక్కన ఫిజియో పనిచేస్తుంటే ఆవిడ మంచం కాళ్ల దగ్గర నిలబడి చూసేది. నొప్పి మాత్ర వేసి ఎంతసేపైందో అడిగారా, విరిగిన చోట తట్టకుండా ఉన్నారా, ఇలా ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టేది. అడుగున ఒక వాక్యం, దాని పక్కన సంతకం. "పైవన్నీ నేను స్వయంగా చూశాను."

వార్డులో మొత్తం పన్నెండుమంది ఫిజియోలు. ఆ ఏడు అందరినీ పరీక్షించి, ఫలితాలు పెద్దల సమావేశంలో చెప్పాలని ఆవిడ పట్టుదల. ఇంతవరకూ ఏ వార్డూ అలా పూర్తిచేసింది లేదు. సమావేశం తెల్లవారితే అనగా పదకొండుమంది అయ్యారు, ఒక్కరు మిగిలారు. ఆ ఒక్కరూ మోకాళ్ల మాస్టారు.

మాస్టారికి నలభై దాటాయి. పన్నెండేళ్లు కింది అంతస్తులో, వచ్చిపోయే రోగుల మోకాళ్లు వంచుతూ గడిపాడు. పలక పట్టుకున్న పిల్లలకి చెప్పినట్టు విడమరిచి చెప్పేవాడని రోగులే ఆ పేరు పెట్టారు. పైన ఇద్దరు మానేయడంతో ఆరు వారాల కిందట ఆయన్ని ఛాతీ వార్డుకు మార్చారు.

ఆ సాయంత్రం ఆయనకు దొరికిన రోగి గోడ మీంచి జారిపడ్డ ఒక తాపీమేస్త్రి. ఎడమవైపు నాలుగు ఎముకలు విరిగాయి. పక్కలోంచి గొట్టం, గొట్టం చివర మంచం కింద నీళ్ల సీసా.

"దగ్గమంటే ప్రాణం పోతుందండీ," అన్నాడు మేస్త్రి.

"ఎక్కడికీ పోదు. ఇదిగో ఈ దిండుని నొప్పున్నచోట ఆనించి, తప్పిపోయి దొరికిన మనవణ్ణి పట్టుకున్నట్టు పట్టుకోండి."

"మనవడు ఇంకా పుట్టలేదండీ."

"అయితే వాడు పుట్టేలోపు దగ్గడం నేర్చేసుకుందాం. పుట్టాక మీకు తీరిక ఉండదు."

మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, రెండు రోజులుగా గొంతుకు అడ్డం పడ్డ కఫం గిన్నెలోకి వచ్చిపడింది. మంచం కాళ్ల దగ్గర ఆవిడ ఆశ్చర్యపోయింది. అంత తేలిగ్గా దగ్గించినవాణ్ణి తన సర్వీసులో చూడలేదు. టిక్కులు పదిహేడు దాకా గబగబా పడ్డాయి.

పద్దెనిమిదో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి స్ట్రెచర్ వచ్చింది. మేస్త్రిని ఎక్స్‌రేకి పిలుస్తున్నారన్నారు. మిగిలిన అయిదు ప్రశ్నలూ గొట్టంతో రోగిని లేపి నడిపించడం గురించి. గొట్టం ఉన్న మరో రోగి దగ్గర డాక్టరు ఉన్నాడు, ఇంకొకామె మందు మత్తులో నిద్రపోతోంది. గోడ గడియారం అయిదు దాటింది.

"రేపు పొద్దున్నే ఈయన్ని నడిపించి చూపిస్తానండీ," అన్నాడు మాస్టారు.

రేపు పొద్దున్నే సమావేశం. పన్నెండుకు పదకొండు అని చెప్పడం ఆవిడకు మనసొప్పలేదు.

"సీసా సంగతి తెలుసుగా మాస్టారూ?"

"తెలుసండీ. ఛాతీకంటే కిందుగా పట్టుకోవాలి. పైకి లేస్తే నీళ్లు వెనక్కి పోతాయి."

"అంతే."

అంతే కాదు. రోగిని నడిపించేటప్పుడు ఆ గొట్టాన్ని క్లాంపు వేసి నొక్కేయకూడదు. ఊపిరితిత్తి చిల్లు పూడని మనిషికి లోపలి గాలి బయటికి పోయే దారి అదొక్కటే. దారి మూస్తే గాలి లోపలే చేరి గుండెనీ ఊపిరినీ నొక్కేస్తుంది. పంతొమ్మిదో ప్రశ్న సరిగ్గా అదే. ఆవిడ అది అడగలేదు. అయిదు టిక్కులు ఒక్క ఊపున పెట్టి సంతకం చేసింది. మాస్టారు ఆ పెన్ను వంక చూశాడు.

మర్నాడు సమావేశంలో పన్నెండుకు పన్నెండని ఆవిడ చెప్పగానే చప్పట్లు కొట్టారు. సూపరింటెండెంట్ లేచి నిలబడి మరీ మెచ్చుకున్నాడు. మాస్టారి చేత ఆ మిగిలిన ముక్క చేయించి చూడటం మరిచిపోయానని తర్వాత రోజుల్లో ఆవిడ తనకు తాను చెప్పుకుంది. నిజానికి మరిచిపోలేదు. మాస్టారు వరండాలో ఎదురైనప్పుడల్లా గుర్తొచ్చేది. ఆయనా ఒకసారి "మేడమ్, ఆ నడిపించేది..." అని ఎత్తబోయాడు. "చూద్దాంలెండి, ఎక్కడికి పోతాం," అంది.

మూడు వారాలు గడిచాయి.

పొగమంచులో అడ్డంగా వచ్చిన లారీని తప్పించబోయి బస్సును గట్టుకు కొట్టిన డ్రైవరు ఒకడు వార్డులో చేరాడు. బస్సులో ఉన్న ముప్ఫైమందికీ గీత కూడా పడలేదు. స్టీరింగు మాత్రం ఆయన ఛాతీలోకి దిగబడింది. ఏడు ఎముకలు విరిగాయి, కుడి ఊపిరితిత్తికి చిల్లు పడింది. నలభై నాలుగేళ్లు. భార్య బట్టల దుకాణంలో కుట్టుపని చేస్తుంది, మెడలో కొలత టేపు వేలాడుతూనే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది.

అయిదో రోజు పదకొండు గంటలకు మాస్టారు ఆయన్ని మొదటిసారి నడిపించాడు. అంతా పద్ధతిగా చేశాడు. నొప్పి మందు పడి అరగంట అయిందని చూసుకున్నాడు, దిండు ఇచ్చాడు, కూర్చోబెట్టి కళ్లు తిరగడం లేదని నిర్ధారణ చేసుకున్నాడు. నడకలో సీసా ఒరిగిపోతే ప్రమాదమని, జాగ్రత్త కోసం గొట్టానికి క్లాంపు వేశాడు. ఎప్పుడో చదువుకునే రోజుల్లో ఎవరో అలా వేయగా చూశాడు. సీసాను కిందుగా పట్టుకున్నాడు.

వరండా చివరిదాకా బాగానే వెళ్లారు. వెనక్కి తిరిగాక డ్రైవరు ఆగాడు.

"ఎందుకో ఊపిరి అందట్లేదండీ."

"మొదటిరోజు కదా. గాభరా పడకండి, ముక్కుతో పీల్చండి. ఆ కుర్చీ దాకా వెళ్లి కూర్చుందాం."

కుర్చీ దాకా రాలేదు. పెదాలు నల్లబడ్డాయి, మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి, మనిషి మాస్టారి చేతుల్లోనే కూలబడ్డాడు. పరిగెత్తుకొచ్చిన నర్సు క్లాంపు చూసి లాగిపారేసింది. సీసాలో నీళ్లు కుతకుతమని ఉడికినట్టు పొంగాయి. అప్పటికి గుండె ఆగినంత పనైంది. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు, నిలబెట్టి ఐసీయూలో యంత్రానికి తగిలించారు. మూడో రోజుకి రెండువైపులా నిమ్ము పట్టుకుంది.

డ్రైవరు కూలబడిన సమయంలో ఆవిడ కింది గదిలో కొత్తవాళ్లకు పాఠం చెబుతోంది. కబురు విన్న క్షణంలో ఆవిడ కళ్లముందుకు వచ్చింది డ్రైవరూ కాదు, మాస్టారూ కాదు. ఒక్క ఊపున పడిన ఆ అయిదు టిక్కులు.

విచారణ సూపరింటెండెంట్ గదిలో జరిగింది. బల్ల మీద మాస్టారి కాగితం ఉంది. సూపరింటెండెంట్ దాన్ని ఇటు తిప్పి పంతొమ్మిదో గీత మీద వేలు పెట్టాడు.

"ఇది మీ సంతకమే కదా మేడమ్?"

"అవునండీ."

"ఈ పని ఆయన చేయగా మీరు స్వయంగా చూశారా? అడగాలి కాబట్టి అడుగుతున్నాను."

ఆ చివరి మాట ఆవిడకు తలుపు తెరిచి పట్టుకున్నట్టుగా ఉంది.

"చూశాను," అంది.

అంతటితో విచారణ సగం అయిపోయింది. పని రాక చేసిన తప్పు కాదు, వచ్చి కూడా చేసిన నిర్లక్ష్యం అని రాసుకున్నారు. తర్వాత మాస్టారిని లోపలికి పిలిచారు. ఆయన చొక్కా మాసి ఉంది, రెండు రోజుల్లో ముఖం పీక్కుపోయింది.

"క్లాంపు వేయకూడదని తెలిసి, మేడమ్ ఎదుట చేసి చూపించి కూడా, మూడు వారాల్లోనే ఎలా వేశారు?" అని అడిగాడు సూపరింటెండెంట్.

మాస్టారు ఒక్కసారి ఆవిడ వైపు చూశాడు. ఆ చూపులో నిలదీయడం లేదు. కాస్త తికమక ఉంది, అంతే.

"తప్పు నాదేనండీ," అన్నాడు.

చేసి చూపించాననీ అనలేదు, చూపించలేదనీ అనలేదు. ఆ రోజే ఆయన్ని సస్పెండ్ చేశారు.

ఆవిడ భర్త అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడ లేకపోతే అన్నం సహించని మనిషి. ఆ సాయంత్రం భార్య చెప్పులు తలోవైపు విడిచి లోపలికి రావడం చూసి, ఏమీ అడక్కుండా టీ పెట్టి తెచ్చాడు. ఆవిడ గ్లాసు పట్టుకుని, తాగకుండా, జరిగింది చెప్పింది. చూడకుండా సంతకం పెట్టడం చెప్పింది. చూశానని అబద్ధమాడటం చెప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

"చదవని పేజీ కింద నేనూ సంతకం పెట్టానే ఒకసారి," అన్నాడాయన. "పెద్ద పుస్తకం. టైము లేదు."

"తర్వాత ఏం చేశారు?"

"ఏం చేస్తాను? ఊరుకున్నాను. పుస్తకంలో తప్పు పడితే ఎవరి ఊపిరీ ఆగదు కదా."

ఓదార్చబోయి అన్నాడో, ఉన్నమాట అన్నాడో ఆయనకే తెలీదు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆవిడ లేచి వెళ్లి టీ సింకులో పారబోసింది.

ఆ మర్నాటి నుంచి డ్రైవరు బాధ్యత ఆవిడే తన మీద వేసుకుంది. రోజుకు మూడుసార్లు ఐసీయూకి వెళ్లేది. పక్కకు తిప్పేది, విరగని చోట అరచెయ్యి ఆనించి యంత్రం ఊపిరితో పాటు లోపల కదిలే కఫాన్ని పసిగట్టేది, కొంచెం కొంచెంగా పైకి తెచ్చి నర్సుతో తీయించేది. ఆరో రోజున యంత్రం తీసేశారు. ఆయన కళ్లు తెరిచి మొదట అడిగిన మాట, "బస్సులో వాళ్లంతా బాగున్నారా?" అని. బస్సు గుద్దుకున్నప్పటి నుంచి ఆ పూట దాకా గడిచిన రోజులు ఆయన బుర్రలోంచి దాదాపుగా చెరిగిపోయాయి.

డ్రైవరు భార్య రోజూ తలుపు బయట బెంచీ మీద కూర్చుని ఉండేది. ఒడిలో ఏదో ఒక కుట్టు. ఆవిడ బయటికి రాగానే లేచి నిలబడేది.

"మీరు చెయ్యేస్తే ఆయనకి నిమ్మళంగా ఉంటోందమ్మా. పొద్దున కళ్లు తెరవగానే అడిగారు, మీరు వచ్చారా అని."

"బాగవుతారమ్మా. టైము పడుతుంది."

"ఆ మాస్టారో ఎవరో, ఆయనకి చెప్పినవాళ్లు లేరా అమ్మా? నా దుకాణంలో కొత్తమ్మాయి వస్తే గుడ్డముక్క మీద పది కుట్లు కుట్టించి చూస్తేగానీ బ్లౌజు ముట్టుకోనివ్వను. మనిషి మీద చెయ్యి వేయించేముందు చూసుకోవద్దూ? ఎవరమ్మా ఆయనకి పని వచ్చని చెప్పింది?"

"కనుక్కుంటాను," అంది ఆవిడ. ఆ మాట అన్నందుకు మెట్లు దిగేటప్పుడు తన నోటిని తానే అసహ్యించుకుంది. కనుక్కోవడానికి ఏముంది.

ఆదివారం నాడు మాస్టారి ఇంటికి వెళ్లింది. రెండు గదుల వాటా. ఆయన పెరట్లో స్టూలు మీద కూర్చుని తల్లి మోకాలికి నూనె రాస్తున్నాడు. ఆవిణ్ణి చూసి గబుక్కున లేచి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"అమ్మా, మా మేడమ్."

"పెద్ద మేడమేనా? కూర్చో తల్లీ," అంది ముసలామె. "వీడికి సెలవిచ్చి మంచిపని చేశారు. నా కాలు వాడి చేతికి చిక్కి ఆరునెలలైంది."

సస్పెండ్ అయిన సంగతి తల్లికి చెప్పలేదని ఆవిడకు అర్థమైంది. ఇద్దరూ వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నేను చూడలేదని ఎందుకు చెప్పలేదు మాస్టారూ?"

"చెప్తే ఏం వస్తుందండీ? క్లాంపు వేసింది నా చెయ్యే కదా."

"మీకు తెలుసో లేదో నేను అడగలేదు."

ఆయన తువ్వాలు మడతపెట్టాడు. "నాకు తెలియదని నాకే తెలీదండీ. అక్కడే వచ్చింది చిక్కు. చేయించి ఉంటే మీ ముందు కూడా క్లాంపే వేసేవాణ్ణి. మీరు నాలుగు తిట్టి ఉండేవారు." ఆగి, గొంతు తగ్గించాడు. "ఆయన ఎలా ఉన్నాడండీ? ఎవర్ని అడిగినా సరిగ్గా చెప్పట్లేదు. నేను వెళ్లి చూడొచ్చా అంటే రావద్దన్నారు."

"యంత్రం తీసేశారు. మాట్లాడుతున్నాడు."

మాస్టారు ముఖం పక్కకు తిప్పుకుని గోడ పట్టుకున్నాడు. భుజాలు కదలడం ఆవిడ చూసింది. ఆవిడ వచ్చేసింది. చెబుతానని మాటైనా ఇవ్వలేదు. దారిపొడవునా ఆ ఇవ్వని మాటే నలిపేసింది.

సోమవారం పొద్దున ఆసుపత్రిలో తన గదికి వెళ్లి బీరువా తెరిచింది. పన్నెండు కాగితాలూ బల్ల మీద పరిచి, ఒక్కొక్కదాని మీద ఉన్న తేదీ చూసుకుంటూ ఆ రోజుల్ని గుర్తుచేసుకుంది. తొమ్మిది మంచాలు, తొమ్మిది నడకలు స్పష్టంగా కళ్లకు కట్టాయి. మాస్టారిది కాక మరో రెండింటి దగ్గర ఏ నడకా గుర్తు రాలేదు. వచ్చింది ఒకటే, చివరి వారం హడావిడి. ఆ రెండింటి మీదా చివరి అయిదు టిక్కులు ఒకే వాలుగా, ఒకే చెయ్యి విసురుగా ఉన్నాయి.

ఆ ఇద్దరిలో ఒకమ్మాయి ఆ పూట వార్డులోనే ఉంది. చురుకైన పిల్ల. ఆవిడ ఆమెను కిటికీ దగ్గరికి పిలిచింది.

"నడిపించేటప్పుడు గొట్టానికి ఏం చేస్తావమ్మా?"

ఆ అమ్మాయి ముఖంలో రంగు మారింది. "ఇప్పుడేమీ వేయట్లేదు మేడమ్."

"ఇప్పుడంటే?"

"మాస్టారి సంగతి జరిగేదాకా నేనూ క్లాంపు వేసేదాన్ని. ముగ్గురికో నలుగురికో వేశాను. వాళ్లకి ఏమీ కాలేదు. మీరు టిక్కు పెట్టారు కదా, అదే రైటనుకున్నాను."

ఆ ముగ్గురో నలుగురో ఎవరో, ఏ ఇంట్లో ఎవరి పక్కన కూర్చుని ఉన్నారో. వాళ్ల ఊపిరితిత్తుల చిల్లులు ముందే పూడి ఉండబట్టి బతికిపోయారు. అంతకుమించి వాళ్లను కాపాడింది ఏదీ లేదు. ఇన్నాళ్లూ తన తప్పు ఒకటే అనుకుంది, దాన్ని మింగి మోసుకుపోవచ్చనుకుంది. మోసేది తను కాదని అప్పుడు తెలిసింది.

ఆ అమ్మాయికి అప్పటికప్పుడు ఒక రోగి పక్కన చేసి చూపించింది, మళ్లీ ఆమె చేత చేయించింది, ఆఖరి అడుగు దాకా కళ్లు తిప్పకుండా చూసింది. అటునుంచి అటే సూపరింటెండెంట్ గదికి వెళ్లింది.

"నేను ఆ రోజు చెప్పింది అబద్ధమండీ," అంది, కూర్చోకుండానే. "మాస్టారు రోగిని నడిపించడం నేను చూడలేదు. మరో ఇద్దరివి కూడా చూడకుండానే సంతకం పెట్టాను."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "కూర్చోండి."

కూర్చుంది.

"రిపోర్టు పైకి వెళ్లిపోయింది మేడమ్. అతను కూడా తప్పు ఒప్పుకున్నాడు. మీకు ఇంకా ఏడేళ్ల సర్వీసుంది. ఆ ఇద్దర్నీ మళ్లీ చూడండి, కాగితాలు సరిచేద్దాం. ఈ మాట ఈ గది దాటనక్కర్లేదు."

"ఆయన ఒప్పుకుంది తన తప్పు. నాది ఎవరూ ఒప్పుకోలేదు ఇంకా."

"మీరు ఇప్పుడు బాధలో ఉన్నారు. రెండు రోజులు ఆగి..."

"ఆగే ఇంతదాకా వచ్చిందండీ."

ఇంటినుంచి రాసి తేలేదు కాబట్టి ఆయన బల్ల మీద కాగితమే అడిగి తీసుకుని, అక్కడే కూర్చుని రాసింది. రెండుచోట్ల కొట్టివేతలు పడ్డాయి. అలాగే ఇచ్చేసింది. ఇస్తే గుండె తేలికపడుతుందని ఎక్కడో ఆశ ఉండేది. తేలికపడలేదు. ఇంకా చెప్పాల్సినవాళ్లు ఇద్దరున్నారు.

డ్రైవర్ని అప్పటికి మళ్లీ వార్డుకు మార్చారు. దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. భార్య ఆయన గోళ్లు తీస్తోంది. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, వంకర టింకరలు లేకుండా చెప్పింది. గొట్టానికి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, మాస్టారికి పని వచ్చని సంతకం పెట్టింది ఎవరో, విచారణలో చూశానని అబద్ధం చెప్పింది ఎవరో.

భార్య చేతిలోని గోళ్లకత్తెర ఆగిపోయింది.

"మీరేనా?" అంది.

"నేనేనమ్మా."

"ఇన్ని రోజులూ మీరు నా పక్కన కూర్చున్నారు."

"కూర్చున్నాను."

"కనుక్కుంటానన్నారు."

భార్య గొంతు పెంచలేదు. "రేపట్నుంచి ఇంకెవర్నైనా పంపించండి," అంది, అంటూ భర్త చెయ్యి మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

డ్రైవరు పైకప్పు కేసి చూశాడు. "ఆ మాస్టారు నన్ను పట్టుకునే ఉన్నాడు," అన్నాడు. "అది ఒక్కటి గుర్తుంది. కింద పడనివ్వలేదు. ఆయన ఉద్యోగం పోయిందా?"

"ఆపేశారు. నేను రాసిచ్చాను. మళ్లీ ఇస్తారనుకుంటున్నాను."

"ఇమ్మనండి," అన్నాడు, కళ్లు మూసుకుని.

మాస్టారికి ఉద్యోగం తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆవిడకు పరీక్షించే బాధ్యత తీసేశారు, జీతంలో ఒక మెట్టు దించారు, మామూలు ఫిజియోగా వార్డులోనే ఉంచారు. ఒకప్పుడు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్న ఒకమ్మాయిని ఆ స్థానంలో వేశారు. ఆ అమ్మాయి మొదటి వారంలోనే వార్డులో ఉన్న ఫిజియోలందరినీ కొత్తగా పరీక్షించింది. ఆవిణ్ణి కూడా. మంచం కాళ్ల దగ్గర తన శిష్యురాలు నిలబడి చూస్తుంటే, ముప్ఫై ఏళ్లకు దగ్గరపడ్డ అనుభవం ఉండి కూడా, ఆవిడ సీసా కిందుగా ఉందో లేదో రెండుసార్లు వంగి చూసుకుంది.

మాస్టారు మాత్రం పైకి రాలేదు. మళ్లీ నేర్చుకోండి, నేను దగ్గరుండి నేర్పుతానని ఆవిడ రెండుసార్లు అడిగింది. "మూడో అంతస్తు మెట్లెక్కితే చేతులు చల్లబడిపోతున్నాయండీ," అన్నాడు. కింద మోకాళ్ల దగ్గరే ఉండిపోయాడు. నవ్వించి దగ్గించే మనిషి ఆ వార్డుకు మళ్లీ దొరకలేదు. మొండికేసి దగ్గని రోగి తగిలినప్పుడల్లా ఆవిడకు ఆ లోటు సూదిలా గుచ్చుకునేది.

దెబ్బ తగిలిన ఏడో నెలలో డ్రైవరు చూపించుకోవడానికి వచ్చాడు. డిపోలో డ్యూటీలు వేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారట, బస్సు ఇంకా ఇవ్వలేదట. మెట్లు ఎన్ని ఎక్కగలడో చూసి రాయమని డాక్టరు కాగితం రాస్తే, ఆ పూట ఉన్నది ఆవిడే. భార్య ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత ఆయన సంచీ తను తీసుకుని, "మెల్లగా," అని మాత్రం భర్తతో అంది. కిందే నిలబడిపోయింది.

ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. ఆవిడ ఒక మెట్టు కిందుగా, చెయ్యి ఆయన వీపుకు తగలకుండా దగ్గరగా ఉంచి నడిచింది. మొదటి అంతస్తు బాగానే అయింది. రెండోది సగంలో ఉండగా ఆయన కమ్మీ పట్టుకుని ఆగాడు. ఊపిరి పైపైనే ఆడుతోంది.

"ఇదివరకు డిపో మేడ ఒక్క గుక్కలో ఎక్కేవాణ్ణి," అన్నాడు.

ఆవిడ గడియారం చూసి అంకె రాసుకుంది.

"నిజం చెప్పండి మేడమ్. ఇంకా పెరుగుతుందా ఇది?"

"కొంత పెరుగుతుంది. రోజూ నడిస్తే ఇంకో అంతస్తు దాకా రావచ్చు. మునుపటిలా మాత్రం కాదు."

"దెబ్బ వల్లా, లేకపోతే ఆ రోజు వల్లా?"

దెబ్బ వల్ల అంటే ఆయన నమ్మేవాడే. సగం నిజం కూడా.

"రెండూ ఉన్నాయి. నిమ్ము వల్ల పోయిందే ఎక్కువ. అది ఆ రోజు వల్ల."

ఆయన తల ఊపాడు. కింద నుంచి భార్య తలెత్తి చూస్తోంది. ఊపిరి కుదుటపడేదాకా ఇద్దరూ ఆ మెట్టు మీదే నిలబడ్డారు. తర్వాత ఆయన కమ్మీ మీద చెయ్యి ఇంకొంచెం పైకి జరిపి, ఇంకో మెట్టు ఎక్కాడు.